డార్క్ మోడ్‌లో పేరాలు మాయమైతే

పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ రైటర్‌ను డార్క్ మోడ్‌లోకి (పేజీ ముదురు రంగులో కనిపించే అమరికలోకి) మార్చగానే పత్రంలో కొన్ని పేరాలు కనబడకపోతే, అవి చెరిగిపోయాయని కంగారు పడనక్కరలేదు. ఆ అక్షరాలకు ఎవరో నలుపు రంగును ప్రత్యేకంగా పెట్టి ఉండటం వల్ల అవి ముదురు పేజీలో కలిసిపోయి ఉంటాయి. ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి, అక్షరాల రంగుల పట్టికలో ‘ఆటోమేటిక్’ నొక్కితే, వెనుక రంగు ముదురుగా ఉన్నప్పుడు తెల్లగానూ, లేతగా ఉన్నప్పుడు నల్లగానూ అక్షరాలు వాటంతట అవే మారతాయి.

శీర్షికలకు, లింకులకు రంగు తప్పనిసరిగా కావాలనుకునేవారు మాత్రం ఒక లెక్క చూసుకోవాలి. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా చూపే నిష్పత్తి) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1 ఉండాలి. అచ్చమైన నీలానికి తెల్ల పేజీ మీద 8.59:1 వస్తుంది, అదే నీలం నలుపు మీద 2.44:1కి పడిపోతుంది. కాంట్రాస్ట్ తగ్గితే మన లిపిలో ముందుగా మసకబారేవి చిన్నగా ఉండే వత్తులే. 767676 అనే రంగు కోడ్ గల బూడిద రంగు తెలుపు, నలుపు రెంటి మీదా 4.5 దాటుతుంది కానీ, చూడటానికి కాస్త వెలవెలబోతుందని నా అభిప్రాయం. పత్రాన్ని ఇతరులకు పంపేముందు టూల్స్ మెనూలోని ‘యాక్సెసిబిలిటీ చెక్’ను ఒకసారి నడిపితే, కాంట్రాస్ట్ చాలని చోట్లను అదే చూపిస్తుంది.