బెదిరింపుల మధ్య వార్తకు వెళ్లేటప్పుడు

బయలుదేరే ముందు మీ న్యూస్ ఆఫీసు డెస్క్‌లో ఒక్కరినే బాధ్యులుగా పెట్టుకోండి. ముగ్గురికి అప్పగిస్తే మిగతావాళ్లు చూసుకుంటార్లే అని ప్రతివాళ్లూ అనుకుంటారు. పని చెడేది అక్కడే. వెళ్లే దారి, వాహనం నంబరు, కలవబోయే మనిషి, తిరిగొచ్చే వేళ, మీ రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు ఆ బాధ్యుల దగ్గర కాగితం మీద ఉండాలి.

గంటకోసారి వాళ్లకు మెసేజ్ పెట్టండి. వేళ దాటి 15 నిమిషాలైతే వాళ్లు మీకు ఫోన్ చేయాలి, 30 దాటితే మీ వెంట ఉన్నవాళ్లకు, 60 దాటితే ఎడిటర్‌కూ లాయరుకూ. "ఇంకాసేపు చూద్దాం" అన్న మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది, గడువులు ముందే రాసుకునేది అందుకే. ఎవరో బలవంతంగా మాట్లాడిస్తున్నారని తెలిపే గుర్తు మాట ఒకటి అనుకోండి. అది మామూలు మాటల్లో ఇమిడిపోవాలి, కానీ మీరు రోజూ వాడేది కాకూడదు.

ఫోన్‌లో వేలిముద్ర లాక్ తీసేసి పొడవైన పాస్‌కోడ్ పెట్టండి. వేలిని లాగి ఆనించడం ఎవరికైనా తేలికే. ప్రమాదం కనిపిస్తే లాక్ చేయడంతో ఆగక పూర్తిగా స్విచాఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేసి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి డేటా తెరవడం చాలా కష్టం. సోర్సుల, అంటే మీకు సమాచారం ఇచ్చేవాళ్ల, పేర్లు అసలు ఫోన్‌లో లేకపోవడమే మేలు.

బెదిరింపు మెసేజ్‌లను చెరిపేయకండి. తేదీ, సమయం, నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఒక కాపీ ఇంకొకరి దగ్గర ఉంచండి.