కొత్త రోడ్ బైక్ హ్యాండిల్ బిగుతుగా తిరుగుతోందా? ముందు టాప్ క్యాప్ చూడండి

బాక్సులో వచ్చిన రోడ్ బైక్‌ని ఇంట్లోనే బిగించుకుని రోడ్డెక్కితే, అది తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరుగుతోందా? తప్పు మీ బ్యాలెన్స్‌ది కాదు, బిగుసుకుపోయిన హ్యాండిల్‌ది. సైకిల్ తొక్కేటప్పుడు మనం పడిపోకుండా ఉండేది హ్యాండిల్‌ని మనకే తెలియకుండా కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండటం వల్ల, ఆ చిన్న కదలికకి అడ్డొస్తే సైకిల్ మన మాట వినదు. తొక్కగా తొక్కగా అదే వదులవుతుందిలే అని మాత్రం అనుకోకండి, ఈలోపు హ్యాండిల్ తిరిగే చోటున్న బేరింగులు పాడైపోతాయి, మీరూ పడతారు.

ముందు చక్రాన్ని నేల మీద నుంచి ఎత్తి, సైకిల్‌ని కాస్త పక్కకి వంచండి. చక్రం దానంతట అదే ఆ పక్కకి వాలిపోవాలి. వాలకుండా ఎక్కడుందక్కడే నిలబడిపోయిందంటే, చేత్తో హ్యాండిల్‌ని మెల్లగా తిప్పి చూడండి. రెండు వైపులా ఒకేలా బిగుతుగా ఉంటే బేరింగుల మీద ఒత్తిడి ఎక్కువైనట్టు. ఒక వైపుకే అడ్డం పడుతుంటే కేబుళ్లని అనుమానించాలి. గరగరమంటున్నా, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతున్నా బేరింగుల సంగతి చూడాలి.

ఎక్కువసార్లు దొరికేది మొదటిదే. హ్యాండిల్‌ని బండికి కలిపే పొట్టి ముక్కే స్టెమ్, దాని నెత్తిన ఉండే మూత టాప్ క్యాప్. ఆ టాప్ క్యాప్ బోల్టే హ్యాండిల్‌ని పట్టి ఉంచుతుందనుకుని చాలామంది బలం కొద్దీ బిగించేస్తారు. నిజానికి పట్టి ఉంచేవి స్టెమ్ వెనక అడ్డంగా ఉండే రెండు బోల్టులు. స్టెమ్‌నీ, దాని కిందుండే రింగుల్నీ (స్పేసర్లు) కిందికి నొక్కి బేరింగులకి సరిపడా ఒత్తిడి ఇవ్వడం వరకే టాప్ క్యాప్ పని. ఇంకో మాట, ఆ రెండు బోల్టులూ బిగించి ఉండగా టాప్ క్యాప్‌ని ఎంత వదులు చేసినా తేడా రాదు. దీని దగ్గరే చాలామంది గంటలు గంటలు తికమకపడతారు.

అందుకని ముందు స్టెమ్ వెనకున్న ఆ బోల్టులు రెండూ వదులు చేయండి, తర్వాత టాప్ క్యాప్‌ని అర చుట్టో ఒక చుట్టో వెనక్కి తిప్పండి. చక్రం ఎత్తి చూస్తే ఇప్పుడు హాయిగా వాలుతుంది. ఇక్కడి నుంచి తొందరపడకూడదు. ముందు చక్రం బ్రేక్ గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లు ఫ్రేమ్‌కీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కీ మధ్యనున్న సందు మీద పెట్టి, సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. వేళ్లకి టకటకమని ఆట, అంటే వదులు కదలిక, తెలుస్తుంది. టాప్ క్యాప్‌ని పావు చుట్టు కంటే తక్కువే బిగిస్తూ, మళ్లీ ఊపి చూస్తూ, ఆట పోయిన చోట ఆపేయండి. అంతకు మించి ఒక్క పిసరు కూడా వద్దు. అప్పుడు స్టెమ్‌ని చక్రానికి సూటిగా పెట్టి, వెనక బోల్టులని ఒకటి మార్చి ఒకటి బిగించండి. ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉంటుంది. ఫోర్క్ గొట్టం కార్బన్‌దైతే ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ లేకుండా ఈ పని చేయకండి.

టాప్ క్యాప్ పూర్తిగా వదిలినా బిగుతు పోలేదా? కేబుళ్లు చూడండి. ప్యాకింగ్ కోసం హ్యాండిల్‌ని, ఫోర్క్‌ని తిప్పేసి పెడతారు కాబట్టి, విప్పేటప్పుడు కేబుల్ ఫ్రేమ్ చుట్టూ ఒక చుట్టు చుట్టుకుపోవడం మామూలే. ఫోర్క్ కూడా వెనక్కి తిరిగి ఉండిపోవచ్చు. డిస్క్ బ్రేక్ బండికి ముందు చక్రం కాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) మీ ఎడమ చేతి వైపు రావాలి. కేబుళ్లన్నీ హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగుల అమరిక) లోపల నుంచి వెళ్లే మోడళ్లలో మాత్రం హ్యాండిల్ కాస్త బరువుగా తిరగడం సహజమే.

అదీ కాకపోతే విప్పాల్సిందే. స్టెమ్ తీసేసరికి ఫోర్క్ జారిపోతుంది, ఒక చేత్తో పట్టుకునే ఉండండి. రెండు బేరింగుల బయటి అంచు ఏటవాలు ఫ్రేమ్ వైపు ఉండాలి, అంటే పైది కిందికి, కిందది పైకి. తిరగబడి ఉంటే ఎంత గ్రీజు పూసినా లాభం లేదు. పై బేరింగ్ మీద కూర్చునే చీలిక ఉన్న రింగు ఉందో లేదో, దాని సన్న అంచు కిందికే ఉందో లేదో చూడండి. పై కవర్ ఫ్రేమ్‌కి రాసుకుంటూ గీతలు పడుతుంటే, రింగుకీ కవర్‌కీ మధ్య 0.25 మిల్లీమీటర్ల పలచటి షిమ్ (సన్నటి రింగు) ఒకటి వేస్తే చాలు. బేరింగ్‌నే చేత్తో తిప్పినా గరుకుగా ఉందంటే అమ్మినవాళ్లని అడిగి మార్పించుకోండి, కొత్త బండికి అలా ఉండకూడదు.

మొదటి కొన్ని రైడ్ల తర్వాత బేరింగులు సర్దుకుని కొంచెం ఆట రావచ్చు, అప్పుడు బ్రేక్ పట్టి ఊపే పరీక్ష ఇంకోసారి చేయండి.