మూసేయకముందే చూసుకోండి: ఇంటి రీమోడలింగ్‌లో జాగ్రత్తలు

మా బాత్రూమ్ మార్పించాక, మొదటిసారి స్నానం చేసిన రోజే తెలిసింది: నీళ్లు జాలీ వైపు కాకుండా తలుపు వైపు పోతున్నాయని. చూడ్డానికి టైల్స్ అద్దంలా ఉన్నాయి, కింద వాటం మాత్రం తప్పింది. సగం నేల పగలగొట్టించాల్సి వచ్చింది. టైల్స్ వేయకముందు ఒక చెంబెడు నీళ్లు పోసి చూసుంటే ఆ బాధ ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పనిలో తప్పులు రావడం మామూలే. రంగులో తేడా, తలుపు పట్టేయడం, వంకరగా బిగించిన స్విచ్ బోర్డు లాంటివి తర్వాత కూడా సరిచేయించుకోవచ్చు, వాటికి అంత టెన్షన్ అక్కర్లేదు. గోడలోకి, టైల్ కిందికి వెళ్లిపోయే పని దగ్గరే పట్టుబట్టాలి. "నేను చూశాకే మూయండి" అని మొదటి రోజే కాంట్రాక్టర్‌కి చెప్పేయండి. ఒప్పందంలో కూడా రాయించుకోండి.

బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ పూత పూర్తిగా ఆరాక జాలీ గట్టిగా మూసి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి. మర్నాడు ఆ గీతతో పాటు కింది సీలింగ్, పక్క గది గోడ అడుగు కూడా చూడండి. కాస్త ఆవిరైపోవడం వేరు, మట్టం బాగా దిగినా ఎక్కడైనా చెమ్మ కనిపించినా పని అక్కడే ఆపించండి. నేల వాటం జాలీ వైపు మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉండాలి. రసమట్టం పెట్టి మేస్త్రీనే చూపించమనండి.

టైల్స్ వేసే రోజు వీలైతే ఇంట్లోనే ఉండండి. అప్పుడే అతికించిన టైల్ ఒకటి ఎత్తి చూపించమని అడగండి. వెనకంతా గమ్ అంటుకుని ఉండాలి. నాలుగు మూలల్లో, నడుమ ఒక్కో ముద్ద మాత్రమే కనిపిస్తే తక్కినదంతా గుల్లే. ఏదైనా బరువైన వస్తువు పడితే పగిలేది అలాంటి చోటే. పూర్తిగా ఆరాక నాణెంతో తడుతూ వెళ్తే గుల్ల ఉన్నచోట శబ్దం మారిపోతుంది. సరిచేయించడానికి గుర్తుగా అక్కడ టేపు ముక్క అంటించండి.

గోడల్లో పైపులు మూసేముందు ప్రెజర్ టెస్ట్ (పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి లీకు ఉందేమో చూడటం) చేయించి, ఒత్తిడి చూపించే గేజ్ ముల్లు దిగుతోందేమో చూడాలి. పైపులకీ వైర్లకీ ఫోటోలు తీసుకోండి, కొలత టేపు కూడా అందులో పడాలి. రేపు అదే గోడకు డ్రిల్ పెట్టేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు. ప్లాస్టరింగ్‌కి కనీసం వారం రోజులు నీళ్లు పట్టించాలి, ఆ తర్వాత ఆరనివ్వాలి. తడి గోడ మీద రంగు నిలవదు. రంగుకి ముందు, రాత్రిపూట లైట్లు ఆర్పేసి టార్చ్‌ని గోడ వెంబడి పట్టండి, ఎత్తుపల్లాలన్నీ నీడలతో బయటపడతాయి.

తప్పు దొరికితే మేస్త్రీ మీద అందరి ముందూ అరవకండి. కష్టపడి పనిచేసే మనిషి చిన్నబుచ్చుకుంటే మిగతా పని కూడా మనసు పెట్టి చేయడు. కాంట్రాక్టర్‌ని పిలిచి, చోటు చూపించి, "దీన్ని ఎలా సరిచేస్తారండీ?" అని అడగండి. జవాబు జాగ్రత్తగా వినండి. "కనపడకుండా చేసేస్తాను" అంటే ఒప్పుకోకండి. చెమ్మ వచ్చే చోట సిలికాన్ పూసినంత మాత్రాన లీకు ఆగదు, ఇంకోచోట తేలుతుంది. ఒప్పుకున్నదంతా అదే రోజు మెసేజ్‌గా పంపండి. మధ్యలో మీరు కోరిన మార్పులకు కూడా ఖర్చు, రోజులు రాసి ఉండాలి.

డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. చివరి పది శాతం మాత్రం రెండు వారాలు ఇల్లు వాడి, కుళాయిలన్నీ తిప్పి, తలుపులన్నీ తెరిచి మూసి, కాంట్రాక్టర్‌తో కలిసి గదిగదికీ తిరిగి, అంటించిన టేపు ముక్కలన్నీ ఊడదీశాకే చేతిలో పెట్టండి.