బ్లూస్ గిటార్‌లో బొటనవేలు ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

పాట మొదలవగానే బొటనవేలు ఆగిపోతోంది

అకూస్టిక్ గిటార్ మీద వేళ్లతో బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీతం) నేర్చుకునే వాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. లావు తీగల మీద కుడిచేతి బొటనవేలు చక్కగా నడుస్తూ ఉంటుంది. చూపుడువేలితో సన్న తీగ మీద ఒక్క స్వరం మీటబోగానే అది ఆగిపోతుంది, లేదా ఆ స్వరం వెంట పరుగెడుతుంది.

వేళ్లలో బలం లేక కాదు. బొటనవేలి నడక ఇంకా అలవాటు కాలేదు, మనం కాపలా కాస్తే తప్ప నడవడం లేదు. ధ్యాస పాట మీదికి మళ్లగానే నిలబడిపోతుంది. పాట త్వరగా వచ్చేయాలన్న ఆత్రంతో నేనూ రెండూ ఒకేసారి మొదలుపెట్టి నెలల తరబడి అక్కడే ఉండిపోయాను.

మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, ఎడమచేత్తో ఇ (E) కార్డ్ పట్టుకుని బొటనవేలితో మాత్రమే, దెబ్బకొకటి చొప్పున, ఆరో తీగ (అన్నిటికంటే లావుది), నాలుగో తీగ, ఆరు, నాలుగు... ఇలా రోజూ పది నిమిషాలు వాయించండి. వాయిస్తూనే ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడండి. "కూర ఏం చేశావమ్మా?" అని అడిగి జవాబు వినేటప్పుడు కూడా వేలు తడబడకపోతే అది సిద్ధమైనట్టే. అప్పుడు మొదటి తీగను (అన్నిటికంటే సన్నది) చూపుడువేలితో, నాలుగు దెబ్బల్లో ఒకటో దెబ్బ మీద, బొటనవేలితో పాటే మీటండి. తర్వాత మూడో దెబ్బ మీద. ఆ రెండూ కుదిరాకే దెబ్బకీ దెబ్బకీ మధ్యలో.

తీగ మారడమే టెన్షన్‌గా ఉంటే ఆరో తీగ ఒక్కదాన్నే కొడుతూ ఉండండి. అదేమీ తక్కువ పద్ధతి కాదు. టెక్సస్ బ్లూస్ గిటారిస్టులు లైట్నిన్ హాప్కిన్స్, మాన్స్ లిప్స్‌కమ్ అలా వాయించినవి ఎన్నో ఉన్నాయి. తీగలు మార్చే నడక చెవికి పట్టాలంటే మిసిసిపీ జాన్ హర్ట్ అనే గాయక గిటారిస్టు 1928 రికార్డింగులు పెట్టుకుని, పాట వదిలేసి బొటనవేలినే వినండి.

బేస్ మోతలో పాట వినబడటం లేదు

లావు తీగలు ఎక్కువసేపు మోగుతూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కుడి అరచేతి అంచును, చిటికెనవేలి వైపు, బ్రిడ్జ్ (గిటార్ పొట్ట మీద తీగలు బిగించే పట్టీ) మీద తీగలు ఆనే చోట తేలిగ్గా ఆనించండి. చెయ్యి కాస్త ముందుకు జరిగితే స్వరం చచ్చిపోయి "టక్" అంటుంది, వెనక్కి జరిగితే మళ్లీ మోత. "దుమ్" అని పొట్టిగా, స్వరం తెలిసేలా పలికే చోటు వెతుక్కోవాలి. సన్న తీగలకు మాత్రం చెయ్యి తగలకూడదు.

వేళ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి

బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటోంది. దాన్ని మిగతా వేళ్ల కంటే ఫ్రెట్‌ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీలు) వైపు ముందుకు చాచి ఉంచండి. వేళ్లు తక్కువయ్యాయని దిగులొద్దు, పేరున్న బ్లూస్ గిటారిస్టు రెవరెండ్ గ్యారీ డేవిస్ వాయించింది బొటనవేలు, చూపుడువేలు రెండింటితోనే.

అన్నీ సరిగ్గానే ఉన్నా బ్లూస్‌లా లేదు

దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా నడుమ స్వరం పడుతోందన్నమాట. చాలా బ్లూస్ పాటల్లో అది కాస్త ఆలస్యంగా పడాలి. మనకు "తకిట" తెలుసు కదా, ప్రతి దెబ్బలోనూ ఒక తకిట ఉందనుకోండి. "త" మీద బొటనవేలు, "కి" దగ్గర ఖాళీ, "ట" మీద చూపుడువేలు. ముందు నోటితో తకిట అంటూ తొడ మీద త, ట దగ్గర మాత్రమే తట్టండి. అది కుదిరాక గిటార్ చేతిలోకి తీసుకోండి.