చిన్న మార్పుల అంచనా – 3వ భాగం: రెండు చలరాశులు ఒకేసారి మారితే

గత భాగంలో చలరాశి ఒక్కటే. దాని చిన్న మార్పును అవకలజంతో (అంటే మార్పు రేటుతో) గుణిస్తే ప్రమేయంలో వచ్చే మార్పు ఉజ్జాయింపుగా తెలిసిపోయింది. ఈసారి రెండు చలరాశులు కలిసి మారతాయి. టెన్షన్ అక్కర్లేదు. ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండోదాని దృష్ట్యా అవకలనం చేస్తే పాక్షిక అవకలజం వస్తుంది. ఒక్కోదాన్ని దాని మార్పుతో గుణించి కలిపితే సంపూర్ణ అవకలని వస్తుంది.

స్థూపం ఘనపరిమాణం = π × వ్యాసార్థం² × ఎత్తు. వ్యాసార్థం 5 సెం.మీ., ఎత్తు 20 సెం.మీ. అనుకుందాం. వ్యాసార్థం దృష్ట్యా పాక్షిక అవకలజం 2π × 5 × 20 = 200π. ఎత్తు దృష్ట్యా π × 5² = 25π. రెండు కొలతలూ 0.1 సెం.మీ. చొప్పున పెరిగితే అంచనా 20π + 2.5π = 22.5π ఘన సెం.మీ.

నేరుగా లెక్కిస్తే? 5.1² × 20.1 = 522.801. ముందున్నది 500 కాబట్టి అసలు మార్పు 22.801π. మిగిలిన 0.301 ఎక్కడిదో విప్పి చూడండి: 20 × 0.1² = 0.2, 2 × 5 × 0.1 × 0.1 = 0.1, 0.1³ = 0.001. అన్నీ మార్పుని మార్పుతో గుణించిన పదాలే. కొలతల్లో మార్పు పదో వంతైతే ఇవి దాదాపు నూరో వంతుకు పడిపోతాయి. వీటిని వదిలేయగలగడానికి కారణం అదే.

నా దృష్టిలో జవాబు కన్నా విలువైనవి ఆ 200, 25. ఎంత పొరపాటు ఎత్తులో చేసినా, అంతే పొరపాటు వ్యాసార్థంలో చేస్తే దెబ్బ ఎనిమిది రెట్లు.

దీని అసలు ఉపయోగం ప్రయోగశాలలో తెలుస్తుంది. లఘులోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోవడానికి సూత్రం 4π² × పొడవు ÷ ఆవర్తన కాలం². ఆవర్తన కాలం అంటే ఒక పూర్తి డోలనానికి పట్టే సమయం. ఇరువైపులా లాగరిథం తీసుకుని అవకలనం చేస్తే, త్వరణంలో సాపేక్ష మార్పు (మార్పు ÷ అసలు విలువ) = పొడవులో సాపేక్ష మార్పు − 2 × కాలంలో సాపేక్ష మార్పు. కొలతలో దోషం ఎటువైపు ఉందో తెలియదు కనుక మైనస్‌ని నమ్ముకోకూడదు. గరిష్ఠ దోషం కోసం రెంటినీ కూడాలి.

100 సెం.మీ. పొడవులో 0.2 సెం.మీ. దోషం అంటే 0.2 శాతం. ఆవర్తన కాలం సుమారు 2 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే 10 శాతం, త్వరణంలో అది 20 శాతం! అదే 20 డోలనాలకు కాలం తీస్తే 40 సెకన్లలో 0.2 సెకను, అంటే 0.5 శాతం. రెట్టింపు చేసి పొడవు దోషం కలిపితే మొత్తం 1.2 శాతం. ఇక్కడ స్కేలు మార్చి లాభం లేదు, డోలనాలు పెంచాలి.

అభ్యాసం: దీర్ఘచతురస్రం భుజాలు 30, 40 సెం.మీ. మొదటిది 0.4 పెరిగింది, రెండోది 0.3 తగ్గింది. కర్ణంలో మార్పును అవకలనితో అంచనా వేయండి. సున్నా వస్తుంది. నేరుగా లెక్కిస్తే మాత్రం కర్ణం దాదాపు 0.0025 సెం.మీ. పెరిగింది. అవకలనికి చిక్కని ఈ మార్పును రెండో తరగతి (రెండుసార్లు అవకలనం చేస్తే వచ్చే) పాక్షిక అవకలజాలతో పట్టుకోవడం వచ్చే భాగంలో.