ప్లాను అప్లై చేశాం కదా అని పునాది తీయకండి

గుంటూరులో గోరంట్ల వైపో, విజయవాడలో పోరంకి, కానూరు వైపో స్థలం కొన్నవాళ్ల నోట తరచూ వినే మాట: "ఇంటి ప్లానుకి అప్లై చేసి ఫీజు కట్టేశాం, రసీదుంది, ఇంకేం ఇబ్బంది ఉండదులే." ఉంటుంది. హౌరా మున్సిపల్ కార్పొరేషన్, గ్యాంజెస్ రోప్ కంపెనీ కేసులో 2003లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, అప్లై చేసినంత మాత్రాన కట్టుకునే హక్కు రాదు, ప్లాను మంజూరు చేసే రోజున ఏ రూల్స్ అమల్లో ఉంటే అవే వర్తిస్తాయని. అందుకే ఫైలు ఎక్కడా ఆగకుండా చూసుకోవడమే మన పని.

ముందు జోన్ సంగతి. బయానా ఇవ్వకముందే సర్వే నంబరు పట్టుకుని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్లి, మాస్టర్ ప్లాన్‌లో ఆ నేల నివాస జోన్‌లో ఉందో వ్యవసాయ జోన్‌లో ఉందో అడగండి. పక్కన పది ఇళ్లు లేచాయి కదా అన్న ధైర్యం అక్కడ చెల్లదు. లేఅవుట్ ప్లాటైతే ఎల్‌పీ నంబరు, అంటే ఆ లేఅవుట్‌కి ఇచ్చిన అనుమతి నంబరు, చూపించమనండి.

తర్వాత రోడ్డు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నల్లపాడు దగ్గర మా బాబాయి స్థలం ముందు టేపు ఆ చివర ఆయన, ఈ చివర నేను పట్టుకుని కొలిస్తే 30 అడుగులు వచ్చింది, మాస్టర్ ప్లాన్‌లో అదే రోడ్డు 40. అంటే రోడ్డు మధ్య నుంచి లెక్కేస్తే మా వైపు 5 అడుగులు వదిలేయాలి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) మొదలయ్యేది ఆ తర్వాతే. మేస్త్రీ గీసిచ్చిన కాగితంలో మెట్లు సరిగ్గా ఆ 5 అడుగుల్లోనే ఉన్నాయి! మళ్లీ గీయించాం.

ఇప్పుడు ఎల్టీపీ దగ్గరికి, అంటే ప్లాన్లు గీయడానికి లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడి దగ్గరికి వెళ్లండి, ఆన్‌లైన్‌లో ఫైలు పెట్టేది ఆయనే. దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), సైటు ఫొటోలు ఇవ్వండి. దస్తావేజులోని గజాలు, నేల మీది కొలతలు కలవకపోతే షార్ట్‌ఫాల్ (లోపం ఉంది) అని ఫైలు వెనక్కొస్తుంది, ఈలోగా రూలు మారితే నష్టం మనదే. అలాగని ఏదీ దాచకండి, తప్పుడు వివరాలతో తెచ్చుకున్న అనుమతిని మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 450వ సెక్షన్ కింద మంజూరయ్యాక కూడా రద్దు చేయొచ్చు.

అనుమతి వచ్చాక ప్రొసీడింగ్స్‌లో (అనుమతి ఉత్తర్వులో) గడువు ఎప్పటిదాకా ఉందో, షరతులేమిటో ఒక్కో లైనూ చదవండి. ప్లాను కాపీ ఒకటి సైటులో, ఒకటి ఇంట్లో ఉండాలి. పని మొదలైన రోజు నుంచీ తేదీ పడేలా ఫొటోలు తీసి దాచండి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి.

పని సగంలో ఉండగా "ఇంకో అంతస్తు వేసేద్దాం" అనిపిస్తే ఆగండి. హౌరా కేసులో గొడవంతా అదనపు అంతస్తుల గురించే. చేతిలో ఉన్న అనుమతి అందులో గీసిన అంతస్తుల వరకే, పై దానికి రివైజ్డ్ ప్లాను మంజూరయ్యాకే శ్లాబు పోయించండి.