ఇంటి గోడకు పటాలు తగిలించే పద్ధతి

పటం కట్టించడానికి వేల రూపాయలు వెచ్చించేవారు కూడా దానిని తగిలించే సమయానికి చేతికందిన మేకుతో సరిపెట్టుకోవడం మన ఇళ్ళలో తరచూ కనిపిస్తుంది. విజయవాడలో గోడలు వేసవిలో తీవ్రమైన ఎండకు కాగి, వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటాయి కనుక, పటం ఎక్కడ అందంగా ఉంటుందో ఆలోచించడానికి ముందే గోడను పరీక్షించాలి.

వేలి కణుపులతో గోడను తట్టినప్పుడు గట్టి శబ్దం వస్తే ప్లాస్టరింగు ఇటుకను పట్టుకుని ఉన్నదనీ, డొల్ల శబ్దం వస్తే విడిపోయిందనీ గ్రహించవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచెత్తిన సింగ్‌నగర్ పరిసరాల ఇళ్ళలో నీరు నిలిచిన గోడలను ఈ పరీక్ష చేయకుండా నమ్మరాదు. రంగు పొక్కులుగా లేచి, తెల్లని ఉప్పు పొడి రాలుతున్న చోట ముందు మరమ్మతు చేయించాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, స్నానాల గది గోడకు వెనుకవైపునా రంధ్రం వేయవద్దు. అక్కడ గోడ లోపల తీగలో, నీటి గొట్టాలో ఉండే అవకాశం ఎక్కువ.

తరువాత బరువు. 3 మిల్లీమీటర్ల మందం గల అద్దం చదరపు మీటరుకు సుమారు ఏడున్నర కిలోలు తూగుతుంది; అంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న పటానికి అద్దమే నాలుగు కిలోలకు పైగా ఉంటుంది, చెక్క చట్రం, వెనుక అట్ట అదనం. చిన్న ఫోటోకు ఉక్కు మేకు చాలు. పెద్ద పటానికి మాత్రం డ్రిల్లింగ్ మిషన్‌తో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, స్క్రూ బిగించాలి. ప్లగ్గు ప్లాస్టరింగును దాటి ఇటుకలోకి వెళ్ళి తీరాలి. పూత మందంలోనే ఆగితే బరువంతా పూతే మోయవలసి వస్తుంది, అది పెచ్చుగా ఊడి పటంతో సహా కిందపడుతుంది. అందుకని డ్రిల్లింగ్ మిషన్ బిట్టుకు మొన నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టి, అక్కడివరకూ దించి, లోపలి పొడిని ఊది పూర్తిగా తీసివేయండి. ఊదేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. వెడల్పైన పటానికి ఒక కొక్కెం బదులు రెండు వేస్తే, ఫ్యాను గాలికి పక్కకు ఒరగదు.

ఎత్తు విషయంలో కంటి అంచనాను నమ్మకండి. పటం నడిబొడ్డు నేలనుంచి దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నిలబడి చూసేవారికి అనువుగా ఉంటుంది. కూర్చుని చూసే గదిలో కొంత దించవచ్చు. 60 సెంటీమీటర్ల ఎత్తున్న పటానికి పై అంచు 180 దగ్గర వస్తుంది. వెనుక తాడును వేలితో పైకి లాగిపట్టి, అది పై అంచుకు ఎంత కిందుగా నిలుస్తుందో కొలవండి. ఏడు సెంటీమీటర్లయితే, 180 నుంచి ఏడు తీసివేసి, 173 దగ్గర గుర్తు పెట్టాలి. రెండు కొక్కేలు వేస్తున్నట్లయితే తాడు రెండు చోట్ల వంగుతుంది కనుక, వాటి మధ్య ఉంచదలచిన దూరంలోనే రెండు వేళ్ళతో లాగి కొలవాలి. ఆ రెండు గుర్తులనూ రసమట్టంతో సరిచూడడం తప్పనిసరి.

ద్వారబంధం పైన పెద్దల ఫోటోలు పెట్టే ఇళ్ళలో, తాడును చట్రం వెనుక, పై అంచుకు కొంచెం కిందుగా బిగిస్తే పటం ముందుకు వాలి, అద్దం మీద వెలుతురు తళుక్కుమనకుండా ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. పూలదండ వేసే పటాలకు దండ బరువును కూడా లెక్కలోకి తీసుకుని, దండకు వేరే మేకు వేయడం నా దృష్టిలో మేలైన పద్ధతి. తడి పూలు చట్రాన్ని నేరుగా తాకకపోతే చెక్క ఉబ్బదు. పెడన కలంకారీ వస్త్రాన్ని పటం కట్టించిన వారు దానిని కిటికీ ఎండ సూటిగా పడే గోడకు దూరంగా ఉంచాలి, ఎందుకంటే సహజ వర్ణాలు అద్దం వెనుక ఉన్నా వెలిసిపోతాయి.

చివరగా, పటం కింది రెండు మూలల వెనుక చిన్న కార్కు ముక్కలు అంటించండి. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, వెనుక అట్టకు బూజు పట్టడం తగ్గుతుంది. వానాకాలం ముగిశాక పటాన్ని దించి, అట్ట మీద చెదల మట్టిగీతలు ఉన్నాయేమో చూసి, తాడు ముడులు బిగించి తిరిగి తగిలించండి.